480 గీతల దగ్గర ఆగే బొమ్మ

తాండూరులో మా బావమరిది ఇంట్లో ఒకే ఓటీటీ చందా మీద మూడు తెరలు నడుస్తాయి. హాల్లో టీవీ, ఇంజినీరింగ్ చదివే పిల్లాడి లాప్‌టాప్, ఆయన జేబులో ఫోను. ముగ్గురూ ఒకే సినిమా పెట్టినా ముగ్గురికీ కనబడే బొమ్మ ఒకటి కాదు. టీవీలో హీరో చొక్కా నేత పోగులతో సహా తెలుస్తుంది. లాప్‌టాప్‌లో గళ్ళు తెలుస్తాయి గానీ పోగులు తెలియవు. ఫోన్‌లో గళ్ళు కూడా ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. "డిస్‌ప్లే మంచిగనే ఉన్నది, వైఫై అదే, కట్టిన పైసలు అవే. మరి గిట్లెందుకొస్తది బావా?" అంటాడాయన.

జవాబు వైఫైలో దొరకదు, తెరలోనూ దొరకదు. ఆ ఫోను రహస్యాన్ని ఎంత గట్టిగా దాచగలదో సినిమా పంపేవాళ్ళు ముందే లెక్క కట్టారు. ఆ లెక్కకు తగ్గ బొమ్మే పంపారు. నమ్మకం ఎంతో బొమ్మలో గీతలు అన్ని. అనుమానం వచ్చిన పరికరానికి సినిమా ఇవ్వనని చెప్పేయడం సులువు. ఇస్తూనే, ఏ పరికరానికి ఏ మేరకు ఇవ్వాలో ఒకటి రెండు సెకన్లలో తేల్చి, అలాంటి బేరం ఒకటి జరిగిందన్న సంగతే చూసేవాడికి తెలియనీయకుండా నడపడం కష్టం. ఆ కష్టమైన పనిని ఎంత నేర్పుగా చేశారో దగ్గర నుంచి చూద్దామనే ఈ వ్యాసం. ఆ నేర్పు ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది తర్వాతి మాట.

ముందు ఒక చిక్కు విడదీయాలి. వికారాబాద్ జంక్షన్ దాటిన రైలు ధారూరు, రుక్మాపూర్ మీదుగా తాండూరు వైపు పోతుంటే ఫోన్‌లో సినిమా చూసేవాళ్ళకు బొమ్మ కాసేపు తేటగా, కాసేపు మసకగా వస్తుంది. 1874లో నిజాం రైల్వే వేసిన వాడి-సికింద్రాబాద్ లైను ఇది. అడవి, గుట్టలు, పొలాలు మారినకొద్దీ సిగ్నల్ మారుతుంది. సినిమాను ముందే రకరకాల నాణ్యతల్లో తయారుచేసి, ఒక్కోదాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి సర్వర్‌లో పెడతారు. నెట్ బాగుంటే ఫోను పెద్ద ముక్క అడుగుతుంది, లేకుంటే చిన్న ముక్కతో సరిపెట్టుకుంటుంది. ఈ మసక సిగ్నల్‌తో వచ్చి సిగ్నల్‌తో పోతుంది. మా బావమరిది ఫోన్‌లోని మసక అలాంటిది కాదు. టవరు కిందే కూర్చున్నా అది 480 గీతల దగ్గరే ఆగిపోతుంది. ఒక యాప్‌లో 540 దాకా రావచ్చు, అంతకు మించి కదలదు. వచ్చీపోయేది నెట్ మసక. గీసినట్టు ఒకే చోట ఆగేది తాళంచెవి మసక.

ఆగిన చోటు ఎంత కిందో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 480 గీతల వైడ్‌స్క్రీన్ బొమ్మలో ఉండేవి దాదాపు 4 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అనే 1080లో 20 లక్షల 73 వేలు. 4కేలో దాదాపు 83 లక్షలు. ఫోను కొన్నవాడు ఫుల్ హెచ్‌డీ తెరకు డబ్బు పెట్టాడు. సినిమా ఆ తెరమీద చుక్కల్లో అయిదో వంతే నింపగలిగినంత సమాచారం పంపి, మిగతావి ఫోనునే ఊహించుకోమంది.

ఇంతకీ తాళం వేసేది ఎక్కడ? సినిమా మొత్తానికి ఒక తాళం అనుకుంటాం గానీ పనివాళ్ళు అక్కడే తెలివి చూపారు. తాండూరు గనుల్లో ఒకే పరుపు నుంచి లేచిన బండను ఒకరికి గరుకుగా, ఇంకొకరికి అద్దంలా పాలిష్ పట్టి ఇచ్చినట్టు, ఒకే సినిమాను మెట్లుమెట్లుగా తయారుచేసి, మెట్టు మెట్టుకూ వేరే తాళంచెవి పెట్టడం ఈ రంగంలో మంచి పద్ధతి. మామూలు నాణ్యతకు ఒక చెవి, హెచ్‌డీకి ఒకటి, 4కేకు ఇంకొకటి. దీనివల్ల సర్వర్ ఏ ఫోన్‌తోనూ "నీకు హెచ్‌డీ వద్దు" అని వాదులాడక్కర్లేదు. హెచ్‌డీ ముక్కలు ఎవరు కావాలన్నా దింపుకోవచ్చు, వాటిని తెరిచే చెవి మాత్రం చేతికి రాదు.

తాళం వేసే పద్ధతి పేరు ఏఈఎస్. బెల్జియం వాళ్ళు యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారుచేసిన దీన్ని అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా తీసుకుంది. సమాచారాన్ని 16 బైట్ల కట్టలుగా తీసుకుని గిలక్కొడుతుంది. సినిమా అంతటినీ ఇలా గిలక్కొట్టి, మళ్ళీ ఫోన్‌లో సరిచేయాలంటే బ్యాటరీ మీద బరువు పడుతుంది. అందుకని వీడియోలో వాడే ఒక పద్ధతిలో పది కట్టలకు ఒక్కదానికే తాళం వేసి, తొమ్మిదింటిని అలాగే వదిలేస్తారు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం కాపలా అనిపిస్తుంది. కానీ కుదించిన వీడియోలో చాలా మేరకు ఒక భాగం ముందున్న భాగం మీద ఆధారపడి ఉంటుంది. పదింట ఒకటి చెడితే మిగతా తొమ్మిదీ ఉన్నా బొమ్మ నిలబడదు. అంతేకాదు, ఈ ముక్క ఏ రకం, ఎంత పొడుగు అని చెప్పే తలకట్టును తాళం వేయకుండా తెరిచే ఉంచుతారు. అది చదివితేనే డీకోడర్ చిప్ తన పని ముందుగా సర్దుకోగలదు. ఏది దాచాలో తెలియడం ఎంత పనో, ఏది దాచక్కర్లేదో తెలియడం కూడా అంతే పని. నా లెక్కలో రెండోదే ఎక్కువ నేర్పు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వారి వైడ్‌వైన్, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ, ఆపిల్ పరికరాల్లో ఫెయిర్‌ప్లే. ముగ్గురూ పోటీదారులు. ఒక్కొక్కరి కోసం సినిమాను వేరే తాళంతో వేరే కాపీ తయారుచేస్తే సర్వర్ల ఖర్చు మూడింతలు. కామన్ ఎన్‌క్రిప్షన్ అనే ప్రమాణం దీన్ని తీర్చింది. సినిమా ఫైలుకు వేసే తాళం అందరికీ ఒకటే, ఆ చెవిని ఇంటింటికీ చేర్చే దారి మాత్రం ఎవరిది వారిది. ఫైలు మొదట్లో చిన్న గుర్తులుంటాయి. ప్రతి పరికరం తనకు సంబంధించిన గుర్తును చదువుకుని తన సర్వర్‌ను అడుగుతుంది. పోటీలో ఉన్నవాళ్ళు సరుకు విషయంలో ఒక మాట మీదికి రావడం తేలిగ్గా జరగలేదు. ఆపిల్ ఒక తరహా గిలక్కొట్టుడును, మిగతావాళ్ళు మరో తరహాను పట్టుకోవడంతో చాలాకాలం రెండు కాపీలు తప్పలేదు.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి. ప్లే నొక్కగానే ఫోను సర్వర్‌కు ఒక అర్జీ పంపుతుంది. అందులో తన గుర్తింపు, తన భద్రతా స్థాయి, ఆ మాటలు తనవేనని రుజువు చేసే సంతకం ఉంటాయి. సర్వర్ అది చూసి లైసెన్స్ తిప్పి పంపుతుంది. లైసెన్స్‌లో ఆ స్థాయికి దక్కే చెవులు, గడువు, తెర కేబుల్ మీద ఎలాంటి కాపలా ఉండాలన్న షరతు. చెవులు కూడా ఆ ఒక్క ఫోను తప్ప ఇంకెవరూ విప్పలేని మూటలో ఉంటాయి.

వైడ్‌వైన్ 1999లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన కంపెనీ. 2010లో గూగుల్ కొంది. పరికరాలను అది మూడు స్థాయిలుగా చూస్తుంది. ఎల్1 అంటే తాళం తీయడం, వీడియోను విప్పడం రెండూ చిప్‌లోని భద్రమైన భాగంలోనే జరగాలి. ఎల్2 అంటే తాళం తీయడం లోపల, వీడియో విప్పడం బయట. ఎల్3 అంటే మొత్తం సాఫ్ట్‌వేర్‌తోనే. చాలా యాప్‌లు ఎల్3కి మామూలు నాణ్యత మించి ఇవ్వవు. మా బావమరిది ఫోన్ ఎల్3.

ఆ భద్రమైన భాగం ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు శిల్పం అక్కడుంది. ఫోన్లలోని ఏఆర్ఎం చిప్‌లో ట్రస్ట్‌జోన్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒకే చిప్ రెండు లోకాలుగా బతుకుతుంది. ఒక లోకంలో ఆండ్రాయిడ్, వాట్సాప్, మనం దింపుకున్న సవాలక్ష యాప్‌లు. రెండో లోకంలో వేలిముద్రల సరిపోలిక, చెల్లింపుల చెవులు, సినిమా చెవులు. మొదటి లోకానికి రెండోదాని మెమరీలోకి చూసే అధికారం హార్డ్‌వేర్‌లోనే లేదు. ఆండ్రాయిడ్‌ను పూర్తిగా వశం చేసుకున్నవాడు కూడా ఆ గోడ ఇవతలే. ఎల్1 ఫోన్‌లో చెవి ఆ లోపలి లోకంలోకే దిగుతుంది. తాళం తీసిన వీడియో ప్రత్యేకించిన మెమరీలో పడుతుంది, డీకోడర్ చిప్ దాన్ని అక్కడే విప్పుతుంది, తెరను నడిపే చిప్ నేరుగా అక్కడి నుంచే ఎత్తి తెరమీద పరుస్తుంది. సినిమా పాజ్ చేసి స్క్రీన్‌షాట్ కొడితే నల్లగా వస్తుందని పిల్లలు విసుక్కుంటారు. యాప్ పెట్టే నిషేధం అందుకు ఒక కారణం. దానికంటే లోతైన కారణం ఇది. స్క్రీన్‌షాట్ తీసేది ఆండ్రాయిడ్. సబ్‌టైటిళ్ళు, ప్లే బటన్లు దాని లోకానివి, బొమ్మ కాదు. మన కంటికి కనిపిస్తున్న బొమ్మ ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు.

ఇదంతా నిలబడేది ఒక చిన్న కట్ట మీద. దాన్ని కీబాక్స్ అంటారు. మొత్తం 128 బైట్లు. అందులో పరికరం పేరుకు 32, రహస్యపు చెవికి 16, గూగుల్ సర్వర్ మాత్రమే చదవగలిగే సమాచారానికి 72, మిగిలిన 8లో నాలుగు గుర్తుకు, నాలుగు సరిచూపుకు. ఈ వాక్యం మొత్తాన్ని తెలుగులో కంప్యూటర్‌లో దాచాలంటే అంతకంటే ఎక్కువ చోటు పడుతుంది. ఫ్యాక్టరీలో ఫోన్‌కు ఈ కట్ట ఎక్కిస్తారు, ఒక్కో పరికరానికి వేరు. అది సరిగ్గా ఎక్కకపోతే చిప్ ఎంత గొప్పదైనా ఫోన్ ఎల్3 కిందే లెక్క.

ఇలా జరిగిన సంగతులు మనకు కొత్త కాదు. 2018 ఆగస్టులో పోకో ఎఫ్1 మన దేశంలో 20,999 రూపాయల నుంచి అమ్మకానికొచ్చింది. స్నాప్‌డ్రాగన్ 845 అంతటి పెద్ద చిప్ ఆ ధరకు రావడమే అప్పట్లో వార్త. చిప్‌లో భద్రలోకం ఉంది, ఫోన్‌కు ఎల్1 లేదు. కొన్నవాళ్ళు గోల చేశాక 2019లో అప్‌డేట్‌తో ఎల్1 ఇచ్చారు. అంతకు ముందు 2017లో వచ్చిన వన్‌ప్లస్ 5, 5టీ కథ ఇంకా చిత్రం. వాటికి ఎల్1 కావాలంటే ఫోన్‌ను కంపెనీకి పంపించాల్సి వచ్చింది, ఇంట్లో కూర్చుని అప్‌డేట్ చేసుకుంటే చాలదన్నారు. 128 బైట్ల కోసం ఫోన్ ప్రయాణం కట్టింది. ఎల్1 వచ్చాక కూడా కొన్ని యాప్‌లు తమ సొంత పరీక్షలో నెగ్గిన మోడళ్ళకే హెచ్‌డీ తెరుస్తాయి. అది వేరే జాబితా.

పక్కదారి అనిపించినా తాండూరు సంగతొకటి ఇక్కడ చెప్పాలి. కర్ణాటక సరిహద్దు ఊరు. ఒకే వీధిలో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి. 2022 మేలో 'ఆర్ఆర్ఆర్' ఓటీటీలోకి వచ్చినప్పుడు తెలుగు, కన్నడ మాటలతో జీ5లో, హిందీ మాటలతో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇంట్లో అమ్మమ్మ ఏ భాషలో చూస్తుందన్నదాన్ని బట్టి యాప్ మారింది. యాప్ మారితే దాని మెట్లూ మారతాయి, ఏ పరికరానికి ఏ మెట్టన్న షరతులూ మారతాయి. ఒకే సినిమా, ఒకే ఫోను, భాష మార్చితే లైసెన్స్ ఇచ్చే సర్వర్ వేరు.

480 అన్న అంకెకు ఇంకో రెండు కారణాలూ ఉన్నాయి, వాటిని దీనితో కలిపేయకూడదు. 2019 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 199 రూపాయల మొబైల్ ప్లాన్ తెచ్చింది, అందులో ఫోన్ ఎంత గొప్పదైనా 480యే. అది అమ్మకం షరతు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన దేశంలోని ప్రధాన స్ట్రీమింగ్ సంస్థలు కూడబలుక్కుని మొబైల్ నెట్ మీద 480కి మించి పంపబోమని ఏప్రిల్ 14 దాకా కట్టుబడ్డాయి. అది నెట్ మీద భారం తగ్గించడానికి. మూడింటికీ అంకె ఒకటే కావడంతో జనం మూడింటినీ కలిపి "నెట్ బాలేదు" అనేస్తారు.

ఇప్పుడు టీవీ దగ్గరికి వస్తాను. అన్నిటికంటే నాకు ఇష్టమైన పనితనం ఇక్కడుంది. సెట్‌టాప్ పెట్టె నుంచి టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో సినిమా పూర్తిగా విప్పిన రూపంలో పారుతుంది. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 60 ఫ్రేములైతే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. ఆ కేబుల్‌కు మధ్యలో ఇంకో పెట్టె తగిలిస్తే చాలు, సినిమా సాంతం చేజిక్కుతుంది. కాబట్టి కేబుల్ మీదా గిలక్కొట్టాలి. దానికి పెట్టెకూ టీవీకీ ఒక ఉమ్మడి రహస్యం కావాలి. పెట్టె ఒక ఫ్యాక్టరీది, టీవీ ఇంకో ఫ్యాక్టరీది, అంతకు ముందు ఒకదాన్నొకటి ఎరగవు. మాట్లాడుకునే కేబుల్‌ను ఎవరైనా వినొచ్చు. అప్పటి చౌక చిప్‌లు పెద్ద గణితం మోయలేవు. 2000 నాటికి ఇంటెల్ వాళ్ళు దీనికి కనిపెట్టిన జవాబు హెచ్‌డీసీపీ. అందులో రహస్యం కలుపుకోవడానికి వాడింది కూడికలే.

చిన్న అంకెలతో చేసి చూపిస్తాను, కాగితం తీసుకుని మీరూ చేయొచ్చు. పెట్టెకు నాలుగు రహస్యపు అంకెలిచ్చారు: 4, 6, 6, 8. టీవీకి నాలుగు: 5, 7, 9, 7. ఇవి ఎవరూ బయటపెట్టరు. బయటపెట్టేది ఒక బిళ్ళ మాత్రమే. పెట్టె బిళ్ళ మీద "ఒకటి, రెండు" అని ఉంది. టీవీ బిళ్ళ మీద "రెండు, మూడు". పెట్టె టీవీ బిళ్ళను చదివి, తన అంకెల్లో రెండోదీ మూడోదీ కూడుతుంది. 6, 6 కలిపి 12. టీవీ పెట్టె బిళ్ళను చదివి తన అంకెల్లో ఒకటోదీ రెండోదీ కూడుతుంది. 5, 7 కలిపి 12. ఇద్దరి చేతుల్లోనూ 12 ఉంది, కేబుల్ మీద మాత్రం 12 ఎక్కడా పారలేదు. మూడో పరికరం తెద్దాం. దాని అంకెలు 6, 8, 8, 9, బిళ్ళ "మూడు, నాలుగు". పెట్టెతో కలిస్తే ఇద్దరికీ 14 వస్తుంది. టీవీతో కలిస్తే ఇద్దరికీ 16. ఎవరితో ఎవరిని జతచేసినా లెక్క కలుస్తుంది.

గుట్టు హెచ్‌డీసీపీ లైసెన్సులిచ్చే సంస్థ దగ్గరున్న ఒక గడుల పట్టికలో ఉంది. అందులో రెండో వరస మూడో గడిలో ఏ అంకె ఉంటే మూడో వరస రెండో గడిలోనూ అదే అంకె. పరికరానికి ఇచ్చే రహస్యాలన్నీ, దాని బిళ్ళ మీదున్న నిలువు వరసల మొత్తాలు. పట్టిక రెండు వైపుల నుంచీ ఒకటే కాబట్టి ఎటు నుంచి కూడినా ఒకే చోట తేలుతుంది. ఈ ఆలోచనకు మూలం స్వీడన్ పరిశోధకుడు రోల్ఫ్ బ్లోమ్ 1980లలో చేసిన పని. అసలు హెచ్‌డీసీపీలో రహస్యాలు నాలుగు కాదు 40, ఒక్కోటి 56 బిట్ల అంకె. బిళ్ళలో 40 చోట్లు, అందులో సరిగ్గా 20 ఒకట్లు, 20 సున్నాలు. ఇలాంటి బిళ్ళలు దాదాపు 13,784 కోట్లు సాధ్యం. రహస్యం కుదిరాక అంతటితో ఊరుకోరు. ప్రతి 128 ఫ్రేములకోసారి, అంటే దాదాపు రెండు సెకన్లకోసారి, ఇద్దరూ ఇంకా ఒకే లెక్కలో ఉన్నారా అని సరిచూసుకుంటారు. మనం సినిమా చూస్తున్నంతసేపూ ఆ పలకరింపు సాగుతూనే ఉంటుంది.

ఇంత ముచ్చటైన కట్టడానికి చెద కూడా ఆ కూడికల్లోనే పట్టింది. కూడికలు కాబట్టి సమీకరణాలు కట్టొచ్చు. 2001లోనే స్కాట్ క్రాస్బీ, ఇయాన్ గోల్డ్‌బర్గ్, రాబర్ట్ జాన్సన్, డాన్ సాంగ్, డేవిడ్ వాగ్నర్ ఒక పత్రంలో చూపారు: తగిన 40 పరికరాల రహస్యాలు చేతికొస్తే పట్టిక మొత్తాన్ని తిరిగి కట్టేయొచ్చు. 2010 సెప్టెంబరులో ఆ పట్టిక, 40 వరసలు 40 గడులు, ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అది అసలైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. దాంతో ఎవరైనా కొత్త బిళ్ళ చేసుకోవచ్చు. ఏదో ఒక పరికరాన్ని నిషేధించే వీలు ముందే పెట్టుకున్నారు గానీ, పట్టికే పోయాక ఎవర్ని నిషేధిస్తారు? ఈ ఓటమి వల్ల ఆ పని మీద నా గౌరవం తగ్గలేదు. చౌక చిప్‌లో, కూడికలతో, ముక్కూమొహం తెలియని పరికరాలను పదేళ్ళు కలిపి ఉంచింది.

తర్వాత వచ్చిన హెచ్‌డీసీపీ 2.x వరసలో కూడికలు పోయి ఆర్ఎస్ఏ, ఏఈఎస్ అనే బలమైన తాళాలు వచ్చాయి. ఒక కొత్త పరీక్ష కూడా పెట్టారు. పెట్టె ఒక ప్రశ్న వేసి, కొన్ని మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే టీవీ ఈ గదిలో లేదని తేల్చుకుంటుంది. ఇంటర్నెట్ మీదుగా దూరాన ఉన్న తెరను దగ్గరున్నట్టు చూపించే ఎత్తు ఇక్కడ పారదు. 4కే సినిమాకు సాధారణంగా 2.2 కావాలి. కేబుల్‌తో కలిపిన పరికరాల్లో అన్నిటికంటే పాతదే బొమ్మ ఎత్తును నిర్ణయిస్తుంది. కొత్త 4కే టీవీకీ కొత్త పెట్టెకీ మధ్య పాత సౌండ్ సిస్టమ్ ఒకటి ఉంటే, 4కే కాస్తా కిందికి దిగుతుంది. పాపం టీవీ మీద పడుతుంది.

లాప్‌టాప్ సంగతి త్వరగా ముగిస్తాను. బ్రౌజర్లు ఈ తాళాలతో మాట్లాడే పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017 సెప్టెంబరులో ప్రమాణంగా ఆమోదించింది. వెబ్‌లో మూసిన పెట్టెలేమిటని చాలామంది అడ్డుచెప్పారు, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ డబ్ల్యూ3సీ నుంచి బయటికే వచ్చేసింది. విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ ప్లేరెడీ ద్వారా హార్డ్‌వేర్‌ను వాడుకోగలదు. క్రోమ్ ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వైడ్‌వైన్ మీద నడిచింది. అందుకే ఒకే లాప్‌టాప్‌లో బ్రౌజర్ మార్చితే బొమ్మ మారుతుంది. మా మేనల్లుడికి ఈ ఒక్క ముక్క చెప్పాను, వాడి సమస్య తీరింది.

ఇదంతా ఓటీటీతో మొదలైందనుకోనక్కర్లేదు. థియేటర్లలో ఒకప్పుడు రీళ్ళ పెట్టె దిగితేనే ఆట. ఇప్పుడు సినిమా ముందే వచ్చి సర్వర్‌లో కూర్చుంటుంది, ఆటకు ముందు రావాల్సింది కేడీఎం. అది ఆ ఒక్క థియేటర్‌లోని ఆ ఒక్క సర్వర్‌కు, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేసే చెవి. ఫైనాన్సియర్లతో లెక్కలు తేలకపోతే ఆగేది ఈ చెవే. అక్కడ ఎల్3 అనే మెట్టు లేదు. చెవి ఉంటే పూర్తి బొమ్మ, లేకపోతే ఆటే లేదు. ఓటీటీ వాళ్ళు ఆ కరకుదనాన్ని మెట్లుగా మెత్తబరిచారు. కోట్ల రకాల పరికరాలతో వ్యాపారం చేసేవాళ్ళకు అంతకంటే మార్గం లేదు.

మెచ్చుకున్నాను కాబట్టి తగువు కూడా పెట్టుకుంటాను. ఫోను అట్టపెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్ళు, బ్యాటరీ, ర్యామ్ పెద్దక్షరాల్లో ఉంటాయి. ఎల్1 అన్న మాట వెతికినా కనబడటం అరుదు. కొన్నాక తెలుసుకోవాలంటే నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అన్న చోట చూడాలి, లేదా ఈ తాళాల (డీఆర్ఎం) సమాచారం చూపే చిన్న యాప్ ఒకటి వేసుకోవాలి. ఎంతమంది చూస్తారు? తక్కువ ధర ఫోన్ కొన్నవాడికి తక్కువ బొమ్మ దక్కుతుంది, కారణం తెలియదు. అదే సమయంలో దొంగ సైట్లలో సినిమా పూర్తి ఫుల్ హెచ్‌డీలో దొరుకుతూనే ఉంది. ఎల్3 సాఫ్ట్‌వేర్ తాళాన్ని విప్పానని డేవిడ్ బుకానన్ అనే పరిశోధకుడు 2019 జనవరిలోనే ప్రకటించాడు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు విప్పితే రెండేళ్ళ దాకా జైలు అంటుంది. తాళం ఉందన్న సంగతి కొనేవాడికి చెప్పాలని మాత్రం అందులో లేదు.

ఈ మొత్తంలో, ఫోన్ ధరను చూడకుండా పనిచేసే పద్ధతి ఒకటుంది. అదీ నాకు బాగా నచ్చింది. సినిమాలోని ప్రతి ముక్కనూ రెండు రకాలుగా తయారుచేస్తారు. కంటికి రెండూ ఒకటే, లోపల పోల్చుకోలేనంత చిన్న తేడా. ఒక చందాదారుకు మొదటి ముక్క ఈ రకం, రెండోది ఆ రకం, మూడోది మళ్ళీ ఆ రకం, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో వరస పంపుతారు. ముప్పై ముక్కలుంటే 107 కోట్ల వరసలు వేరువేరుగా వస్తాయి. ఒక్కో ముక్క ఆరు సెకన్లయితే అది మూడు నిమిషాల క్లిప్పు. తెరకు ఎదురుగా కెమెరా పెట్టి తీసినా ఆ తేడాలు చెరగకుండా ఉండేలా చేస్తారు, కాబట్టి దొంగ కాపీ దొరికితే అది ఎవరి ఖాతాలోంచి వచ్చిందో తేల్చొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి తమ కాపీల ముక్కలు కలగాపులగం చేస్తే? ఆ చిక్కుకు హంగేరీ గణితజ్ఞుడు గాబోర్ టార్దోష్ 2003లో జవాబు రాశాడు. కుమ్మక్కైనవాళ్ళ సంఖ్య వర్గాన్ని బట్టి గుర్తు పొడవు పెంచుకుంటూ పోతే కనీసం ఒక్కణ్ణయినా పట్టుకోవచ్చు. ముగ్గురు కలిస్తే తొమ్మిదింతల క్లిప్పు కావాలి, అయిదుగురైతే పాతికింతలు.

ఈ కనబడని గుర్తును వాడితే ఎల్3 ఫోన్‌కు కూడా హెచ్‌డీ ఇచ్చి, తప్పు చేసినవాణ్ణి మాత్రమే పట్టుకోవచ్చు కదా అని నా వాదన. స్టూడియోలు అలా ఆలోచించలేదు. హాలీవుడ్ స్టూడియోల ఉమ్మడి సంస్థ మూవీల్యాబ్స్ 2013లో 4కే సినిమాలకు రక్షణ ఎలా ఉండాలో రాసినప్పుడు చిప్‌లో భద్రభాగం అడిగింది, కేబుల్ మీద హెచ్‌డీసీపీ 2.2 అడిగింది, ఈ కనబడని గుర్తునూ అడిగింది. ఒకటి దొరికింది కదా అని మిగతా రెండూ వదులుకోలేదు.